దూదేకుల సాయిబు వాంగ్మూలం

మొన్న ఒకే రోజు రెండు సంగతులు విన్నాను. పొద్దున మా పాత ఊరి రైతు ఒకాయన పనిమీద నెల్లూరు వచ్చి, మా ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ, "మన దూదేకుల సాయిబు పోయినాడు అయ్యోరా, పది దినాలయింది" అన్నాడు. అని, గ్లాసు కింద పెట్టకముందే వడ్ల ధర ఎత్తుకున్నాడు. సాయంత్రం మా కాలేజీలో ఒక సభ. దేశంలో జనం ఒకరినొకరు కొట్టుకోవడానికి సంస్కృతుల తేడాలు ఎంతవరకు కారణమన్నది చర్చ. నేను తెలుగు పంతుల్ని గనక ఇలాంటి సభల్లో చివరికి లేచి వందన సమర్పణ చెయ్యడం నా వంతు. ఆ సాయంత్రం నేనేం చేశానో తర్వాత చెబుతాను. చెప్పుకోదగ్గ పని కాదు. ముందు ఆ మనిషి సంగతి చెప్పనివ్వండి.

యాభైల చివర్లో నా మొదటి ఉద్యోగం ముత్తుకూరు అవతల, ఉప్పుటేటి దగ్గరి ఒక చిన్న ఊళ్ళో. ఎలిమెంటరీ స్కూలు, నేనొక్కణ్ణే అయ్యవారిని. అది మా అమ్మమ్మ ఊరు కావడంతో ఆమె ఇంట్లోనే మకాం. సాయిబు ఆ ఊళ్ళో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయనకు పేరు ఉండేది. ఊళ్ళో ఎవరూ దాన్ని వాడగా నేను వినలేదు. ఒకసారి కాగితం మీద రాసింది మాత్రం నేనే. ఆ రాసినందుకు జరిగింది చాలు, మళ్ళీ ఇక్కడ రాయను.

బక్క మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ దూది నూగు ఉండేది, అందువల్ల నలభై ఏళ్ళకే ముసలాడిలా కనిపించేవాడు. ఎడమ చెవిలో అత్తరు దూది. ఇంటి ముందర పందిట్లో ఏకే విల్లు వేలాడదీసి, కొయ్యసుత్తితో నారి మీద కొడుతుంటే ఆ చప్పుడు మా బడిదాకా వినిపించేది. పని చేస్తున్నంతసేపూ నోరు విప్పడు. ఎవరైనా పలకరిస్తే సుత్తి ఒకసారి పైకెత్తి చూపించేవాడు, ఆగమని. అరగంట తర్వాత విల్లు దించి, తువ్వాలుతో మొహం దులుపుకొని, ఎప్పుడో అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పేవాడు. ఈలోగా అడిగినవాడు ఇంటికెళ్ళి భోంచేసి వచ్చి ఉండేవాడు. అయినా ఎవరికీ కోపం రాలేదు.

ఆయన్ని పెద్ద మనసున్న సాధుపురుషుణ్ణి చెయ్యాలని నాకేం లేదు. అందరూ ఒకటేనని చెప్పే రకం కాడు. తేడాలంటే ఆయనకు మహా పట్టింపు. "తేడా తెలీనోడు దూది ముట్టుకోగూడదు" అనేవాడు. పత్తిదూది పరుపుకే, బూరుగుదూది తలగడకే. రెండూ కలిపి కుట్టమంటే మూట విసిరేసి పోయేవాడు. అన్నదమ్ములు పంపకాలు చేసుకుని, మిగిలిన పాత పరుపు విప్పి ఇద్దరికీ చెరొకటి కుట్టమంటే, అందులో ఏ దూది ఏ కోడలి పుట్టింటి నుంచి వచ్చిందో వేళ్ళతో నలిపి చూసి విడదీశాడు. పాత తలగడ వాసన చూసి, ఇది ఆముదం తల, ఇది కొబ్బరినూనె తల అని చెప్పేవాడు. ఎవరింట్లో మంగళవారం పని మొదలుపెట్టకూడదో, ఎవరింట్లో తూర్పుకు తిరిగి సూది పట్టాలో, ఎవరి గుమ్మంలోకి చేపలు తిన్న నోటితో పోకూడదో ఆ ఇళ్ళవాళ్ళ కంటే ఆయనకే బాగా తెలుసు.

మా అమ్మమ్మ ఇంట్లో ఆయనకొక ఇత్తడి గ్లాసు విడిగా ఉండేది, వసారా చూరులో. కాఫీ తాగి తనే కడిగి తనే బోర్లించేవాడు. అది నాకు తప్పుగా తోచేది. ఒకసారి ఆయనతో అన్నాను కూడా. ఆయన గ్లాసు బోర్లిస్తూ, "మీ అమ్మమ్మ కోళ్ళు ఇంకొకరు కోస్తే నేనూ మీ ఇంట తినను గదా అయ్యోరా" అన్నాడు. అది సమాధానమో, నా నోరు మూయించడమో ఇప్పటికీ నాకు తెలియదు. గ్లాసు మాత్రం చూరులోనే ఉంది.

కోయడం మాట వచ్చింది గనక ఆ ఊరి ఆచారం చెప్పాలి. కోడి గానీ పొట్టేలు గానీ సాయిబు వచ్చి బిస్మిల్లా అని మెడ మీద కత్తి పెట్టనిదే ఆ ఊళ్ళో ఏ రైతింట్లోనూ మాంసం పొయ్యెక్కేది కాదు. పెళ్ళయినా, అల్లుడొచ్చినా, నాట్లయిపోయినా ఆయనకు కబురు వెళ్ళాల్సిందే. ఆయన కొయ్యనిది మా అమ్మమ్మ దృష్టిలో చచ్చిన మాంసం. బొట్టు పెట్టుకుని, రామనామం రాసిన తులసికోటకు రోజూ దణ్ణం పెట్టే మనిషి ఆమె. తలకాయ, మెడ సాయిబు వాటా. ఈ హక్కు ఆయనకు తాతల నాటి నుంచి వచ్చింది. పక్క ఊరి సాయిబు ఈ ఊళ్ళో కత్తి పట్టడు, ఈయన పక్క ఊళ్ళో పట్టడు.

పీర్లచావిడి కూడా ఆయన చేతిలోనే ఉండేది. రోడ్డు మలుపులో, ఆయన ఇంటిని ఆనుకుని ఒక పెంకుటిల్లు. పీర్ల పండగకు ఊళ్ళో సగంమంది మొక్కులు అక్కడే. మా అమ్మమ్మ కుటుంబం ఒక పీరుకు ఏటా కొత్త గుడ్డ కట్టేది. పీర్లు ఎత్తేవాళ్ళలో సాయిబులు నలుగురైతే రైతుబిడ్డలు పదిమంది. ఊరేగింపు రామమందిరం మీదుగానే పోయేది. అక్కడ కాసేపు ఆగేది, భజనవాళ్ళు వచ్చి పానకం ఇచ్చేవాళ్ళు. నెల్లూరు నుంచి అప్పుడప్పుడు వచ్చే ఉర్దూ సాయిబులు ఇదంతా చూసి మొహం చిట్లించేవాళ్ళు. నమాజు సరిగా రాదనీ, ఇంట్లో తెలుగే మాట్లాడతాడనీ ఆయన్ని తమలో కలుపుకునేవాళ్ళు కాదు. ఆయన దాన్నీ పట్టించుకోలేదు. వాళ్ళకు దూది సంగతి తెలీదని తేల్చేశాడు.

నా పెళ్ళికి పరుపు ఆయనే కుట్టాడు. నాలుగు రోజులు మా వసారాలో కూర్చున్నాడు. అయిపోయాక దాని మీద అరచెయ్యి వేసి నొక్కి, చెయ్యి తీసి, అది మళ్ళీ పైకి లేచేదాకా చూశాడు. "రెండేళ్ళకోసారి ఏకించాల అయ్యోరా, లేకపోతే గడ్డలు కడతాది. నేనుండేవరకూ నేనే వస్తా" అన్నాడు.

ఆ మరుసటేడు ఊరికి కరెంటు వస్తుందన్నారు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ పొలమున్న పెద్దింటాయనకు రైసుమిల్లు పెట్టాలని బుద్ధి పుట్టింది. బుచ్చిరెడ్డిపాలెం మిల్లులు చూసొచ్చాడు. మిల్లుకు రోడ్డు పక్క జాగా కావాలి, బండ్లు తిరగడానికి చోటుండాలి. అలాంటి జాగా ఊళ్ళో ఒక్కటే, చావిడీ సాయిబు ఇల్లూ ఉన్నది. మొదట మర్యాదగానే అడిగించాడు. చావిడి నాది కాదు, ఊరిది, ఊరంతా కూడి తియ్యమంటే తీస్తానన్నాడు సాయిబు. ఊరంతా కూడితే ఏమంటుందో పెద్దింటాయనకు తెలుసు. సగం మొక్కులు అక్కడే కదా. అందుకని ఊరిని కూర్చోబెట్టలేదు, వేరే దారి పట్టాడు.

నా కళ్ళముందే జరిగింది. ఆరు నెలల్లో ఊళ్ళో కొత్త మాటలు పుట్టాయి. శనివారం భజన వేళకు డప్పులేమిటన్నారు. ఆ భజనలోనూ అవే డప్పులు, వాయించేదీ ఆ మనుషులే. వాళ్ళ పద్ధతులు వేరన్నారు. ఎన్నాళ్ళని సర్దుకుంటామన్నారు. ఎన్నడూ ఎవరూ ఏదీ సర్దుకోలేదు, బతికారంతే. ఈ మాటలు ముందు పెద్దింటి అరుగు మీద వినిపించాయి, తర్వాత కాఫీ హోటల్లో, చివరికి మా వంటింట్లో. అమ్మమ్మ కసిరింది గానీ కొత్త గుడ్డ ఆ యేడు కట్టలేదు. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. పెద్దింటాయనకు మిల్లుతోపాటు ప్రెసిడెంటు కుర్చీ కూడా కనిపిస్తోంది.

ఆ యేటి పీర్ల ఊరేగింపు మందిరం ముందుకు రాగానే ఎవరో రాయి విసిరారు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఇద్దరికి తలలు పగిలాయి. చావిడి పెంకులు పోయాయి. పందిట్లో వేలాడుతున్న విల్లును ఎవరో కిందికి లాగి తొక్కి విరిచారు. రాళ్ళు వేసినవాళ్ళలో ఇద్దరు నిరుడు పీరు ఎత్తినవాళ్ళే. వాళ్ళ నాన్నలూ ఎత్తారు.

విచారణకు తాలూకా కచేరీ నుంచి ఒక అధికారి వచ్చాడు. చెడ్డవాడు కాదు. చదువుకున్నవాడు, పాపం ముందే ఒక అభిప్రాయం పెట్టుకుని వచ్చినవాడు. మా బడిలోనే కూర్చున్నాడు. వాంగ్మూలాలు రాసే పని నాకు అప్పగించాడు, నా దస్తూరి బాగుందని. నా పక్కనే ఇంకో కుర్చీలో పెద్దింటాయన. కారుతున్న బడి కప్పుకు పెంకులు వేయిస్తానన్నదీ ఆయనే, నన్ను అక్కడే ఉంచాలో ఎక్కడికైనా తోలేయాలో పైవాళ్ళ చెవిన వేయగలవాడూ ఆయనే.

సాయిబు వచ్చి నిలబడ్డాడు. గొడవ ఎందుకొచ్చిందని అధికారి అడిగాడు.

"చావిడి రోడ్డు మీద ఉండాదయ్యా. ఆడ మిల్లు పెట్టాలన్నారు. నేను తియ్యనన్నా. అదే గొడవ" అన్నాడు. నిరుడు ఇదే దోవన పీర్లు పోలేదా, ఇదే గుళ్ళో భజన జరగలేదా, నిరుడు లేనిది ఈ యేడు యాడినుంచి వచ్చిందని కూడా అన్నాడు. పెద్దింటాయన గొంతు సవరించుకున్నాడు. నా కలం ఆగింది.

అధికారి విసుక్కోకుండా, అది సరే, మీకూ వాళ్ళకూ ఆచారాల్లో తేడాలేమిటో చెప్పమన్నాడు. అక్కడ చేశాడు సాయిబు పొరపాటు. ఆ పొరపాటు ఆయన తప్ప ఇంకొకరు చెయ్యరు. తేడాలంటే ఆయనకు ప్రాణం కదా. ఎవరో పెద్దమనిషి శ్రద్ధగా అడుగుతున్నాడు కదా. "తేడాలంటే శానా ఉండాయయ్యా" అని మొదలుపెట్టాడు. మేము పూడుస్తాం, వాళ్ళు కాలుస్తారు దగ్గర్నుంచి, ఎవరు ఏ దినం తల అంటుకోరు, ఎవరు ఏది తినరు దాకా ఒక్కటీ వదల్లేదు. పత్తిదూదికీ బూరుగుదూదికీ తేడా చెప్పేటప్పుడు ఆ మొహంలో వచ్చే వెలుగే అప్పుడూ వచ్చింది. అధికారి తలాడిస్తూ నా వైపు చూశాడు. నేను రాశాను. అదంతా రాశాను.

మిల్లు మాట రాయలేదు. అధికారి అడగలేదు, పెద్దింటాయన చూస్తున్నాడు, నాకు భయం. కానీ భయం ఒక్కటే అయితే ఇన్నేళ్ళు ఇంత మంట ఉండేది కాదు. చివర ఒక వాక్యం కావాల్సి వచ్చింది. నాకు మంచి వాక్యం తట్టింది. "మా ఆచార వ్యవహారములకును గ్రామస్థుల ఆచార వ్యవహారములకును గల భేదములచేతనే ఈ కలహము సంభవించినది. ఇరువురము ఒక్కచోట మెలగుట కష్టము." రాసి, మనసులో ఒకసారి చదువుకుని సంతోషించాను. సంతోషించిన మాట నిజం.

పైకి గబగబా చదివాను. గ్రాంథికం ఆయనకేం అర్థమవుతుంది. "నేను చెప్పిందంతా రాసినారా అయ్యోరా?" అని అడిగాడు. రాశానన్నాను. ఆయన వేలిముద్ర వేసి, చెవిలో అత్తరు దూది తీసి దాంతో సిరా తుడుచుకున్నాడు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. భేదాల వల్ల మళ్ళీ గొడవలు రాకుండా చావిడినీ సాయిబు ఇంటినీ ఊరి బయట, ఉప్పుటేటి గట్టు దగ్గరికి మార్చమని. మెలగడం కష్టమని సాయిబే ఒప్పుకున్నాడు కదా. ఊరిని అడిగే పని లేకుండా పోయింది. ఆ గట్టు మీద ఏడాదంతా ఉప్పుగాలి. దూది చెమ్మ పట్టి ముద్దవుతుంది, విల్లుకు లేవదు. ఆయన కొత్త విల్లు కట్టుకున్నాడు గానీ దాని చప్పుడు నేను పెద్దగా వినలేదు. దూరం వల్లనే అని మొదట్లో అనుకున్నాను.

మిల్లు లేచింది. పెద్దింటాయన ప్రెసిడెంటయ్యాడు. రెండింటికీ కలిపి మిల్లు ఆవరణలో ఊరందరికీ భోజనాలు పెట్టాడు. ఆరు పొట్టేళ్ళు తెచ్చి కట్టేశారు. పొయ్యిలు వెలిగించారు. అప్పుడు గుర్తొచ్చింది, కోసేదెవరు? ప్రెసిడెంటు తండ్రి, పళ్ళూడిన ముసలాయన, మంచం మీద నుంచే సాయిబు కొయ్యనిది నేను ముట్టనన్నాడు. మిగతా ముసలివాళ్ళూ అదే మాట. కుర్రవాళ్ళు కూడా కత్తి పట్టడానికి జంకారు. ముత్తుకూరు సాయిబుకు కబురు పెడితే అది ఇంకొకరి ఊరని రానన్నాడట. చివరికి నన్ను పొమ్మన్నారు. అయ్యవారంటే సాయిబుకు గౌరవం అన్నారు. నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానని ఇప్పుడు అడగొద్దు.

ఆయన గుడిసె ముందర ఎండలో దూది ఆరబెట్టుకుంటున్నాడు. నేను వచ్చిన పని విన్నాడు. లోపలికి పోయి రేకుపెట్టెలోంచి ఒక కాగితం తెచ్చి నా చేతికిచ్చాడు. వాంగ్మూలం నకలు.

"ఇది చదివి పెట్టండి అయ్యోరా. మెల్లిగా" అన్నాడు.

నా వాక్యం నేనే చదివాను. ఆయన మిల్లు సంగతి ఎక్కడుందో అది చదవమన్నాడు. కాగితం తిప్పాను. వెనకవైపు ఖాళీగా ఉంది. లేదన్నాను.

"తేడాలుండాయని నేనే చెప్పినా. అబద్ధం కాదు. తేడాలకు కొట్టుకున్నామని నేను చెప్పలేదు గదా" అన్నాడు. అరవలేదు. ఎవరి ఇంటి దూదో తేల్చుకోవడానికి వేళ్ళతో నలిపి చూసేటట్టు నన్ను చూశాడంతే. నేను కాగితం మడిచి ఆయన చేతికిచ్చాను. ఆయన లోపలికి పోయి కత్తి తెచ్చుకున్నాడు. పదండి, ముసలోళ్ళు ఆకలితో ఉంటారన్నాడు.

ఆరింటినీ ఎప్పటిలాగే కోశాడు. ప్రతిసారీ బిస్మిల్లా అన్నాడు. కూర తయారయ్యేదాకా ఒక మూల గోడ దగ్గర కూర్చున్నాడు. అది వెనకటి ఆయన పందిరి ఉన్న చోటే. ఆకులు వేసేవేళకు ప్రెసిడెంటే స్వయంగా తలకాయ, మెడ ఆకులో పెట్టి తెచ్చాడు. సాయిబు లేచాడు గానీ చెయ్యి చాపలేదు.

"మన ఆచారాలు వేరని కాగితముండాది గదయ్యా" అన్నాడు, అందరికీ వినపడేటట్టు. "ఆ కాగితం నిజమైతే నేను కోసింది మీరు తినొద్దు. తింటే ఆ కాగితం చించెయ్యండి."

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది. ఊరంతా అక్కడే ఉంది. ఒక్కడు లేచి చించేద్దామంటే చాలు. అది అనాల్సింది నేను, ఎందుకంటే ఆ కాగితంలో ఏం లేదో నాకు తెలుసు. నేను నా విస్తరి సరిచేసుకున్నాను. కాసేపటికి ప్రెసిడెంటు తండ్రి, "వడ్డించండిరా, చల్లారిపోతాది" అన్నాడు. సాయిబు కత్తి తుడుచుకుని గట్టు వైపు వెళ్ళిపోయాడు. అందరూ తిన్నారు. నేనూ తిన్నాను. కూర చాలా బాగుంది, ఆ మాట దాచను.

ఆ తర్వాత ఆయన ఆ ఊళ్ళో కత్తి పట్టలేదు. మా ఇంటికి దూది ఏకడానికీ రాలేదు. బడి కప్పుకు పెంకులు పడ్డాయి. నేను పై పరీక్షలు పాసై నెల్లూరు వచ్చేశాను. నా పెళ్ళి పరుపు వెంట తెచ్చుకున్నాం. కుట్టించినప్పటి నుంచి ఒక్కసారీ ఏకించలేదు. గడ్డలు కట్టి వీపుకు గుచ్చుకుంటుంది. ఇంకొకరిని పిలిపిద్దామని మా ఆవిడ అడిగినప్పుడల్లా కసురుకుంటాను. ఆమెకు కారణం తెలియదు.

ఇక మొన్నటి సభ. కొత్తగా వచ్చిన చరిత్ర లెక్చరరు ఒకతను మాట్లాడాడు. తెలివైనవాడు, చక్కగా మాట్లాడతాడు. ఉత్త మాటలు కాదు, మన జిల్లా నుంచే రుజువు చూపిస్తానన్నాడు. పాత ఫైళ్ళు తిరగేశాడట. ఒక చిన్న ఊళ్ళో పీర్ల పండగనాడు జరిగిన కొట్లాట గురించి చెప్పి, ఇది ఎవరో బయటివాళ్ళన్న మాట కాదు, దెబ్బతిన్న ముస్లిమే స్వయంగా ఇచ్చిన వాంగ్మూలమని కాగితం తీశాడు. "మా ఆచార వ్యవహారములకును గ్రామస్థుల ఆచార వ్యవహారములకును..." అని చదవడం మొదలుపెట్టాడు. నేను ముందు వరసలో కూర్చుని ఉన్నాను. మిగతాది నాకు కంఠతా వచ్చు.

ఆ మనిషి పోయి పది దినాలని పొద్దున్నే విన్నాను. ఇంక ఎవరికి భయపడాలి? పెద్దింటాయన కూడా పోయాడు, మిల్లు చేతులు మారింది. నేను లేచాను. మైకు ముందుకు వెళ్ళాను. అధ్యక్షుల వారికి, వక్తలకు కృతజ్ఞతలు చెప్పాను. యువ మిత్రులు ఆధారాలతో మాట్లాడారని ప్రత్యేకంగా మెచ్చుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ లెక్చరరు దగ్గరికొచ్చి కాగితం నాకు చూపిస్తూ, ఎవరు రాశారో గానీ మాస్టారూ, దస్తూరి ముత్యాల్లా ఉంది కదా అన్నాడు. అడుగున సాయిబు బొటనవేలి ముద్ర ఉంది. అవునన్నాను.